అరువు పట్టాల మీద ఆమ్‌ట్రాక్: న్యూయార్క్ నుంచి పసిఫిక్ తీరం దాకా

బుధవారం, న్యూయార్క్

అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి దూరాన ఉన్న మరో రాష్ట్రానికి రైల్లో వెళ్లాలంటే దాదాపు ఎక్కడైనా ఎక్కవలసింది ఒకే సంస్థ బండి. 1970 అక్టోబరు 30న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో పుట్టి, 1971 మే 1న బండ్లు నడపడం మొదలుపెట్టిన ఆమ్‌ట్రాక్ అది. ఈ సంస్థ చరిత్రను ఇన్నాళ్లూ కాగితం మీద చదివిన నేను, దాని బండ్లలోనే దేశాన్ని అడ్డంగా దాటుతూ చూడాలని సెప్టెంబరు చివరివారంలో న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోని అన్నయ్య ఇంటి నుంచి బయలుదేరాను. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు పొద్దున్నే కారు నిలిపి న్యూయార్క్ బండి ఎక్కే మెట్రోపార్క్ స్టేషన్ కూడా 1971లోనే, ఆమ్‌ట్రాక్ వచ్చిన కొద్ది నెలలకు తెరుచుకుంది. ఆమ్‌ట్రాక్ తొలి బండి నడిచిందీ ఈ దారినే. ఆ మే 1న అర్ధరాత్రి దాటిన అయిదు నిమిషాలకు న్యూయార్క్‌లో బయలుదేరి ఫిలడెల్ఫియాకు వెళ్లిన బండి అది.

న్యూయార్క్‌లో ఆమ్‌ట్రాక్ ప్రయాణికులు ఇప్పుడు బండి కోసం వేచి ఉండేది 2021 జనవరి 1న తెరిచిన మోయినిహాన్ హాలులో. ఒకప్పుడు ఇది పెద్ద తపాలా కార్యాలయం. ఎదురుగా 1910లో కట్టిన పాత పెన్ స్టేషన్‌ను 1963లో కూలగొట్టడం మొదలుపెట్టినప్పుడు నగరంలో రేగిన బాధ, కోపం నుంచే 1965లో న్యూయార్క్ పాత కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. స్టేషన్ నేలమట్టమైంది కాని, దాన్ని గీసిన శిల్పులే గీసిన తపాలా భవనం మిగిలింది. పైకి చూస్తే, ఉత్తరాలు వేరుచేసిన ఆనాటి గది మీది ఉక్కు దూలాలు అలాగే ఉన్నాయి. వాటి మీదుగా కొత్త గాజు కప్పు వంపు తిరిగి ఉంది. దూలాల కీళ్ల దగ్గర వరసగా కనిపించే పాత రివెట్ల తలలను రంగు వేసి కప్పినా దాచలేదు, అది నాకు నచ్చింది.

ఈ తపాలా భవనం స్టేషన్‌గా మారడంలో అమెరికా రైళ్ల కథ సగం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జనం కార్లకూ విమానాలకూ మళ్లినా, ఎన్నో ప్రయాణికుల బండ్లు నిలదొక్కుకున్నది తపాలా డబ్బుతోనే. పెట్టెలోనే ఉత్తరాలు వేరుచేస్తూ సాగే తపాలా పెట్టెలను బండికి తగిలించినందుకు ప్రభుత్వం చెల్లించే మొత్తం టికెట్ల నష్టాన్ని కొంత పూడ్చేది. 1967లో తపాలా శాఖ ఆ ఒప్పందాలను పెద్దఎత్తున రద్దు చేసుకోవడంతో ఆ ఊతం పోయింది. 1970 జూన్‌లో దేశంలోనే అతి పెద్ద రైలు సంస్థల్లో ఒకటైన పెన్ సెంట్రల్ దివాలా తీసింది. అప్పట్లో అమెరికాలో రైలు మార్గాలు దాదాపు అన్నీ ప్రైవేటు కంపెనీలవి, వాటికి లాభం గూడ్సు మీదే. ప్రయాణికుల బండ్ల భారం దించుకోవడానికి అవి ఎదురుచూస్తున్నాయి.

చట్టం వాటికి ఆ దారి చూపింది. 1969లో ప్రయాణికుల బండ్ల వల్ల వచ్చిన నష్టంలో సగానికి సమానమైన విలువను డబ్బుగానో, పెట్టెలుగానో, సేవలుగానో కొత్త సంస్థకు ఇస్తే ఆ బాధ్యత నుంచి విముక్తి. చేరని కంపెనీ మాత్రం 1975 దాకా తన బండ్లు తానే నడపాలి. ఇరవై కంపెనీలు చేరాయి. ప్రభుత్వం ఇచ్చిన తొలి గ్రాంటు 4 కోట్ల డాలర్లు. అంతకుముందు రోజు దాకా నడిచిన ప్రయాణికుల బండ్లలో దాదాపు సగం ఆ మే 1న ఆగిపోయాయి. ఆ సంస్థ కొన్నేళ్లలో తనంతట తానే మూతపడుతుందని ప్రభుత్వంలోనే చాలామంది అనుకున్నారు. పోవడానికి పెట్టిన సంస్థ అర్ధశతాబ్దం దాటి నిలవడమే నా దృష్టిలో దాని చరిత్రలో అన్నిటికన్నా పెద్ద విషయం.

మధ్యాహ్నం 3.40కి షికాగో వెళ్లే మా బండి లేక్ షోర్ లిమిటెడ్ కదిలింది. హడ్సన్ నదిని ఆనుకుని ఆల్బనీ దాకా సాగే ఈ దారి ఒకప్పుడు న్యూయార్క్ సెంట్రల్ కంపెనీది. ప్లాట్‌ఫారం మీద ఎర్రతివాచీ పరిచి ప్రయాణికులను ఎక్కించుకున్న ఆ కంపెనీ బండి ట్వెంటీయత్ సెంచరీ లిమిటెడ్ 1938లో షికాగోకు పదహారు గంటల్లో చేరేది. 1967 డిసెంబరులో అది ఆగిపోయింది. ఈ రోజు మా బండికి అదే ప్రయాణం పంతొమ్మిది గంటల పైమాటే. ఎనభై ఏళ్లకు పైగా గడిచాక బండి నెమ్మదించడం ఎవరినైనా ఆలోచింపజేస్తుంది. చీకటి పడేదాకా కిటికీ పక్కన నది ఉంది.

గురువారం, షికాగో

షికాగో యూనియన్ స్టేషన్ 1925లో తెరుచుకుంది. దాని గ్రేట్ హాల్ మీది పెద్ద గాజు కప్పును రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వైమానిక దాడుల భయంతో నల్లగా పూసేశారు. దాన్ని పూర్తిగా బాగుచేసి మళ్లీ వెలుతురు పడేలా చేసింది 2018లో. వీధి నుంచి హాలులోకి దిగే రాతి మెట్లు తొమ్మిది దశాబ్దాల నడకకు మధ్యలో అరిగి గుంటలు పడితే, మొదట రాయి తెచ్చిన రోము దగ్గరి గని నుంచే మళ్లీ తెప్పించి 2016లో మార్చారు. పొడుగాటి చెక్క బెంచీల మీద కూర్చున్నవాళ్లలో సంచులతో విద్యార్థులు, చంకలో పిల్లలతో తల్లులు, నల్లటోపీలు పెట్టుకున్న ఆమిష్ కుటుంబాలు కనిపించారు. మతనియమం ప్రకారం సొంత కారు నడపని, విమానం ఎక్కని ఆమిష్ వారిలో చాలామందికి దూరప్రయాణమంటే నేటికీ ఆమ్‌ట్రాకే.

మధ్యాహ్నం నగరానికి దక్షిణాన ఉన్న పుల్‌మన్‌కు లోకల్ రైల్లో వెళ్లాను. పడక పెట్టెల కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ 1880లో తన కార్మికుల కోసం కట్టడం మొదలుపెట్టిన ఊరు ఇది. గడియార స్తంభం ఉన్న కర్మాగారపు కార్యాలయ భవనం ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కులో భాగం. ఎర్ర ఇటుకల వరస ఇళ్లలో ఇప్పటికీ కాపురాలున్నాయి. 1893 మాంద్యంలో కంపెనీ కూలి తగ్గించి, తన ఇళ్ల అద్దె మాత్రం తగ్గించకపోవడంతో 1894లో మొదలైన సమ్మె దేశమంతటా రైళ్లను ఆపేసింది. సైన్యాన్ని దింపి దాన్ని అణచివేశారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం పడక పెట్టెల్లో పనిచేసిన పోర్టర్ల కథ. బానిసత్వం పోయిన తరువాత పుల్‌మన్ ఈ పనికి నల్లజాతి వారిని పెద్దసంఖ్యలో తీసుకున్నాడు. పరుపు పరవడం, బూట్లు మెరుగుపెట్టడం, రాత్రంతా మేలుకుని ఉండటం వారి పని. జీతం చాలక బక్షీసుల మీద బతికేవారు. యజమాని పేరుతో అందరినీ "జార్జ్" అని పిలిచేవారు. ఒక మనిషికి తన పేరు తనకు లేకుండా చేసిన ఆ పిలుపు గురించి చదువుతూ అక్కడ చాలాసేపు ఉండిపోయాను. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వారు సంఘం పెట్టుకున్నారు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించడానికి పన్నెండేళ్లు, 1937 దాకా, పోరాడారు. 1955లో సీట్లలో జాతి వివక్షకు నిరసనగా నల్లజాతి వారు చేసిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణను నిలబెట్టిన వారిలో ఒకరైన ఇ.డి. నిక్సన్ ఈ సంఘం మనిషే. 1963లో నల్లజాతి వారి హక్కుల కోసం జరిగిన వాషింగ్టన్ మహాప్రదర్శనకు పెద్దదిక్కుగా నిలిచింది రాండాల్ఫే. అమెరికా రైలు వారసత్వమంటే ఇంజన్ల, పెట్టెల బొమ్మలే చూపేవారు ఈ ఊరికి ఒక్కసారి వచ్చి చూడాలని నా కోరిక.

శుక్రవారం, షికాగో నుంచి నెబ్రాస్కా దాకా

ఉదయం సైన్సు మ్యూజియంలో 1934 నాటి పయొనీర్ జెఫిర్‌ను చూశాను. ఫిలడెల్ఫియాకు చెందిన బడ్ కంపెనీ తుప్పుపట్టని ఉక్కు రేకులతో కట్టిన మూడు పెట్టెల డీజిల్ బండి. ఆ ఏడాది మే 26న తెల్లవారుతుండగా డెన్వర్‌లో బయలుదేరి, దారిలో ఎక్కడా ఆగకుండా 1,633 కిలోమీటర్లు 13 గంటల 5 నిమిషాల్లో దాటి, సాయంత్రానికల్లా షికాగో ప్రపంచ ప్రదర్శనకు చేరింది. ఆర్థిక మాంద్యంలో ఖాళీగా తిరుగుతున్న రైళ్ల వైపు జనం మళ్లీ తలతిప్పి చూశారు. ఆ రోజు బండిలో జెఫ్ అనే గాడిద కూడా ప్రయాణించింది. మ్యూజియంలోని పిల్లలందరికీ ముందు తెలిసేది ఆ సంగతే.

మధ్యాహ్నం 2 గంటలకు అదే పేరు మోస్తున్న కాలిఫోర్నియా జెఫిర్, అయిదో నంబరు బండి, పడమటికి బయలుదేరింది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఎమరీవిల్ దాకా 3,924 కిలోమీటర్లు, రెండు రాత్రులు. అసలు కాలిఫోర్నియా జెఫిర్‌ను 1949లో మూడు కంపెనీలు కలిసి మొదలుపెట్టాయి. 1970 మార్చిలో, అంటే ఆమ్‌ట్రాక్‌కు ఏడాది ముందు, ఆపేశాయి. ఇప్పటి బండికి ఆ పేరుంది, మధ్యలో ఆ దారీ ఉంది. పెట్టెలు మాత్రం ఆమ్‌ట్రాక్ సొంతంగా చేయించుకున్న రెండంతస్తుల సూపర్‌లైనర్లు.

ఈ పెట్టెల వెనుక పెద్ద కథే ఉంది. తొలి ఏళ్లలో ఆమ్‌ట్రాక్ దగ్గర ఉన్నవన్నీ ఇరవై కంపెనీలు వదిలించుకున్న పాత పెట్టెలు. ఒకే బండిలో ఒక పెట్టె పసుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి వెండిరంగు. రంగుల సంగతి అటుంచితే, లోపలి తీగలూ గొట్టాలూ ఒకదానికొకటి సరిపడేవి కావు. చలికాలంలో పెట్టెలను వేడిచేసేది ఇంజను నుంచి గొట్టాల్లో వచ్చే ఆవిరి. 1977 నాటి కఠినమైన చలికి ఆ గొట్టాలు గడ్డకట్టి బండ్లు ఆగిపోయాయి. దాంతో ఇంజనులో పుట్టిన విద్యుత్తుతోనే దీపాలు, వేడి, చల్లదనం అన్నీ నడిచే పద్ధతికి మారారు. పాతవాటిలో గట్టివి ఏరి మార్పించారు, అవి దశాబ్దాల పాటు నడిచాయి. 1979 నుంచి సూపర్‌లైనర్లు వచ్చాయి. వాటి మొదటి విడతను కట్టింది పుల్‌మన్ స్టాండర్డ్. 1981లో ఆ కర్మాగారం ఇచ్చిన చివరి పడక పెట్టెకు జార్జ్ పుల్‌మన్ పేరే పెట్టారు. న్యూయార్క్ సొరంగాల్లో పట్టవు కనుక ఇవి అటువైపు వెళ్లవు.

నా గది ఇద్దరికి సరిపోయే చిన్న అర. ఎదురెదురుగా రెండు కుర్చీలు. గేల్స్‌బర్గ్ దాటాక పెట్టె బాధ్యురాలు వచ్చి పడక వేసిన తీరు చూడదగ్గది. కుర్చీల కింది మీటను ఒత్తి రెంటినీ ఒకదానివైపు ఒకటి జరిపి పరుపుకు చోటుచేసింది. పైకప్పు దగ్గర ముడుచుకున్న రెండో బెర్తును పిడి తిప్పి అరచేత్తో ఆపుతూ చప్పుడు లేకుండా దించింది. దుప్పటి అంచును పరుపు కిందికి మణికట్టుతో ఒకే ఊపులో తోసింది. నిమిషం పట్టలేదు. నిన్న పుల్‌మన్‌లో చదివిన పనే ఇది, కాని ఈమె చొక్కా మీద ఆమె పేరుంది.

బర్లింగ్టన్ దగ్గర మిసిసిపీ నదిని దాటినప్పుడు ఇంకా వెలుగుంది. అయోవాలో బండి రాజధాని డెమాయిన్‌కు వెళ్లదు. ఆ ఊరి గుండా పోయే దారి ఆమ్‌ట్రాక్‌లో చేరని రాక్ ఐలాండ్ కంపెనీది. 1971లో చేరిక మీద జరిగిన నిర్ణయాలే నేటి రైళ్ల పటాన్ని చాలాచోట్ల గీశాయి. భోజనాల పెట్టెలో ఒంటరి ప్రయాణికులను ఎవరో ఒకరి బల్ల దగ్గర కూర్చోబెడతారు. నాకు ఎదురుగా ఒక ఆమిష్ దంపతులు కూర్చున్నారు. భారతదేశంలో రోజుకు ఎంతమంది రైలెక్కుతారని ఆ పెద్దాయన అడిగితే సుమారు రెండు కోట్లని చెప్పాను. ఆమ్‌ట్రాక్ 2024 ఆర్థిక సంవత్సరం మొత్తంలో చేర్చిన ప్రయాణికులు 3.28 కోట్లు, అప్పటికి అదే దాని రికార్డు. అంటే మనకు రెండు రోజులు కూడా పట్టని లెక్క. ఆయన నమ్మడానికి కొంతసేపు పట్టింది.

శనివారం, డెన్వర్ నుంచి యూటా దాకా

తెల్లవారేసరికి కొలరాడో మైదానం. డెన్వర్ యూనియన్ స్టేషన్‌లో బండి దాదాపు గంట ఆగుతుంది. 2014లో బాగుచేసి తెరిచిన ఆ భవనం నెత్తిన "రైల్లో ప్రయాణించండి" అనే పెద్ద అక్షరాలు ఇప్పటికీ వెలుగుతున్నాయి.

ఇక్కడి నుంచి సాల్ట్ లేక్ సిటీ దాకా ఉన్న కొండదారి చరిత్ర ప్రత్యేకమైనది. దీని యజమాని అయిన రియో గ్రాండె కంపెనీ 1971లో ఆమ్‌ట్రాక్‌లో చేరలేదు. కొండల మధ్య ఒంటిపట్టా లైను మీద తన గూడ్సు బండ్ల నడకపై పట్టు చేజారకూడదని అనుకుంది. అందుకు బదులుగా రియో గ్రాండె జెఫిర్ అనే బండిని వారానికి మూడుసార్లు, పాత పెట్టెలతో, సొంత ఖర్చుతో 1983 ఏప్రిల్ దాకా నడిపింది. ఆమ్‌ట్రాక్ బండి అన్నాళ్లూ వయోమింగ్ మీదుగా చుట్టుతిరిగి వెళ్లింది. చివరికి ఒప్పందం కుదిరి, ఆమ్‌ట్రాక్ ఈ దారిలోకి రావలసిన సమయానికే యూటాలోని థిసిల్ దగ్గర కొండచరియ విరిగి నదికి అడ్డంపడింది. ఊరు మునిగింది, పట్టాలు మునిగాయి. కొత్త సొరంగం తవ్వాక 1983 జులై 16న కాలిఫోర్నియా జెఫిర్ పేరు మళ్లీ ఈ కొండలకు వచ్చింది.

డెన్వర్ దాటగానే బండి ఎక్కడం మొదలుపెడుతుంది. బిగ్ టెన్ అనే పెద్ద వంపులో, పట్టాల పక్కనే ఇసుక నింపి కదలకుండా నిలిపిన పాత వ్యాగన్ల వరస కనిపిస్తుంది. కొండల మీంచి దిగే ఈదురుగాలి బండ్లను పడదోయకుండా అడ్డుపెట్టిన గోడ అది. ఆ తరువాత సొరంగం వెంట సొరంగం. కిటికీల లాంజ్ పెట్టెలో కూర్చున్నవారంతా చీకటి పడ్డప్పుడల్లా మాట ఆపి, వెలుగు రాగానే అందుకుంటున్నారు. విశాఖ నుంచి అరకు బండిలో వెళ్లినవారికి ఈ అనుభవం బాగా తెలుసు.

చివరికి మొఫాట్ సొరంగం. 1928లో తెరిచిన దీని పొడవు 10 కిలోమీటర్లు, అత్యంత ఎత్తైన చోట సముద్రమట్టానికి 9,239 అడుగులు. దీనికి ముందు బండ్లు 11,600 అడుగుల పైన ఉన్న రోలిన్స్ కనుమ మీదుగా మంచులో కూరుకుపోతూ దాటేవి. డెన్వర్ బ్యాంకరు డేవిడ్ మొఫాట్ ఈ దారి కోసం తన ఆస్తి ఊడ్చిపెట్టి, సొరంగం చూడకుండానే 1911లో పోయాడు. లోపలికి వెళ్లేముందు, డీజిల్ పొగ రాకుండా పెట్టెల మధ్య తలుపులు తీయవద్దని కండక్టరు మైకులో చెబుతాడు. దాదాపు పది నిమిషాల చీకటి. బయటపడితే ఆస్పెన్ చెట్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

ఆ తరువాత కొలరాడో నది దొరుకుతుంది, యూటా సరిహద్దు దాకా సుమారు 380 కిలోమీటర్లు బండిని వదలదు. గ్లెన్‌వుడ్ లోయలో 1944లో జనరల్ మోటార్స్ అధికారి సైరస్ ఆజ్‌బర్న్ ఇంజను క్యాబులో నిలబడి ప్రయాణిస్తూ, డ్రైవరుకు కనిపించే ఈ దృశ్యం ప్రయాణికుడికి ఎందుకు కనిపించకూడదని ఆలోచించాడు. పైకప్పు మీద గాజు బుడగ ఉన్న విస్టాడోమ్ పెట్టె అలా పుట్టింది. మరుసటేడే బర్లింగ్టన్ అనే రైలు కంపెనీ మొదటిది కట్టింది. 1949 నాటి జెఫిర్‌లో అవి అయిదుండేవి. 2017లో అరకు బండికి తగిలించిన అద్దాల పెట్టెకు ఆ పేరు చేరింది ఇక్కడి నుంచే. మేము ఆ లోయ దాటుతున్నప్పుడు పక్కనే స్తంభాల మీద హైవే సాగుతోంది. ఆజ్‌బర్న్ ఆలోచనకు గుర్తుగా నిలిపిన చిన్న స్మారకాన్ని ఆ రోడ్డు కోసమే తీసి, గోల్డెన్ ఊరి రైలు మ్యూజియంకు తరలించారు. నాకు మాత్రం అది ఇక్కడ నదిపక్కనే ఉండవలసిందనిపించింది. సాయంత్రం రూబీ లోయలో ఎర్రరాతి గోడ మీద రాసిన కొలరాడో, యూటా పేర్లను దాటాం.

ఆదివారం, నెవాడా నుంచి ఎమరీవిల్ దాకా

నెవాడా ఎడారి మీద చెప్పుకోవలసింది తక్కువ. రాత్రంతా, ఉదయమంతా బూడిదరంగు పొదలు, దూరంగా కొండలు. రీనో తరువాత సియెరా నెవాడా పర్వతాలు ఎక్కుతాం.

ఈ పర్వతాల మీది దారి ఆమ్‌ట్రాక్‌కన్నా వందేళ్లు పాతది. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర కలిసిన తొలి ఖండాంతర మార్గంలో పడమటి భాగం ఇది. దీన్ని వేసింది సెంట్రల్ పసిఫిక్ కంపెనీ, చెమటోడ్చింది పదివేలకు పైబడిన చైనా కార్మికులు. శిఖరం దగ్గరి నల్లరాతి సొరంగంలో రోజంతా పేల్చినా ఒక్కోసారి అడుగు దూరం కూడా కదిలేది కాదు. పని త్వరగా సాగాలని కొండ మధ్యకు నిలువుగా బావి దింపి, లోపలి నుంచి రెండువైపులకూ తవ్వారు. 1867 నాటికి అది పూర్తయింది. మా బండి ఇప్పుడు దానికి బదులు 1925లో తెరిచిన పొడుగాటి సొరంగంలో దూరుతుంది. పాత సొరంగం 1993 నుంచి పట్టాలు లేకుండా ఖాళీగా ఉంది. కిందికి డోనర్ సరస్సు నీలంగా కనిపిస్తుంటే లాంజ్‌లో అందరూ ఒకే కిటికీ వైపు చేరారు. ఈ కొండల్లోనే 1952 జనవరిలో సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో అనే బండి మంచులో చిక్కుకుపోతే, అందులోని 226 మందిని బయటికి తేవడానికి మూడు రోజులు పట్టింది.

దిగువకు వస్తున్నకొద్దీ గూడ్సు బండ్లు ఎదురవుతూ ఉంటాయి. ఆమ్‌ట్రాక్ బండ్లు నడిచే దూరంలో దాదాపు 70 శాతం ఇతరుల పట్టాల మీదే. ప్రయాణికుల బండికి దారి ముందు ఇవ్వాలని 1973 నుంచి చట్టం చెబుతోంది. దాన్ని అమలుచేయమని కోర్టుకు వెళ్లే అధికారం మాత్రం ఆమ్‌ట్రాక్‌కు లేదు, కేంద్ర న్యాయశాఖకే ఉంది. ఆ శాఖ 1979లో ఒకసారి, మళ్లీ 2024లో వెళ్లింది. వాషింగ్టన్ నుంచి బోస్టన్ దాకా ఉన్న తూర్పు తీరపు దారిలో అధికభాగం 1976లో ఆమ్‌ట్రాక్ సొంతమైంది కనుకే అక్కడ వేగమైన బండ్లు నడపగలుగుతోంది. పడమట ఆ వీలు లేదు. ఇంత అందమైన దారిని ఇంత తక్కువ అధికారంతో ఇన్నేళ్లు నడిపిన సిబ్బంది మీద ఈ ప్రయాణంలో నాకు గౌరవం పెరిగింది.

శాక్రమెంటోలో స్టేషన్ పక్కనే కాలిఫోర్నియా రైలు మ్యూజియం ఉంది. 1863లో సెంట్రల్ పసిఫిక్ పని మొదలుపెట్టిందీ ఈ ఊళ్లోనే. పాత జెఫిర్ పర్వతాలు దాటి ఈ ఊరికి ఉత్తరపు దారిలో, ఫెదర్ నది లోయ వెంబడి వచ్చేది. ఆ లోయలో నేడు ప్రయాణికుల బండి లేదు, గూడ్సు మాత్రమే. పేరు తిరిగొచ్చినా ఆ దారి తిరిగి రాలేదన్నదే జెఫిర్ అభిమానులకు మిగిలిన కొరత. నాదీ అదే.

సాయంత్రం అఖాతపు నీరు కుడివైపు కనిపించింది, కాసేపట్లో ఎమరీవిల్. ఇక్కడితో బండి ఆగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అవతల ఉంది, జెఫిర్ ఏనాడూ ఆ ఊళ్లోకి వెళ్లలేదు. 1949లో ప్రయాణికులు ఓక్లాండ్ రేవులో దిగి ఫెర్రీ ఎక్కేవారు. 1958లో ఆ ఫెర్రీలు ఆగిపోయి బస్సులు వచ్చాయి. 1989 భూకంపంలో ఓక్లాండ్ పాత స్టేషన్ దెబ్బతిన్నాక దాని బదులు ఎమరీవిల్‌లో ఈ స్టేషన్ కట్టారు. ప్లాట్‌ఫారం దాటి బయటికి వస్తే ఆమ్‌ట్రాక్ టికెట్‌తోనే ఎక్కే బస్సు నిలిచి ఉంది. సామాను దాని కింది అరలో పెట్టించి, వంతెన మీదుగా నగరంలోకి వెళ్లాను.